మంచుగుట్ట మీద ఆగిపోయిన పిట్ట

చంద్రపూర్

అక్కకు నీ తమ్ముడు రాజయ్య దండం పెట్టి రాస్తున్నాడు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బావ దగ్గు తగ్గిందా? ఇక్కడ మేము బాగానే ఉన్నాము, రంది పెట్టుకోకు.

గనిలో రిటైరై, బెల్లంపల్లి క్వార్టర్ ఖాళీ చేసి కొడుకు శ్రీను దగ్గరికి వచ్చి రెండు నెలలు దాటింది. ఎండ మండుతోంది. కూలర్ ముందు కూర్చున్నా చెమటే. పొద్దున పోహా, రాత్రి చపాతీ. అలవాటైంది. మరాఠీయే రాలేదు. దుకాణంలో ఏం కావాలని "కాయ్ పాయిజే?" అంటే వేలితో చూపించి తెచ్చుకుంటాను. నాకు తెలుగులోనే మాటలు తక్కువని నీకు తెలుసు.

ఒక సంగతి రాస్తాను. ఎవరికీ చదివి వినిపించకు.

శ్రీను కంప్యూటర్లు బాగుచేస్తాడు కదా. ఏదో ఆఫీసులో పారేసిన పాతది ఒకటి ఇంటికి తెచ్చి, దాంట్లో లినక్స్ ఎక్కించాడు. కంప్యూటర్‌ను నడిపించేది అదేనట, ఊరికే దొరుకుతుందట. దానితోపాటు ఒక ఆట వచ్చింది. పెంగ్విన్ అనే నల్లపిట్ట మంచుగుట్ట మీద నుంచి బోర్లా పడుకొని జారుతుంది. నీ మరదలికి ఆ ఆట పిచ్చి పట్టింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె ఆడేది, నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఈ ఊళ్లో నాకు బాగుండేది ఆ ఒక్క పూటే.

కానీ మా మిషన్‌లో పిట్ట సరిగా జారేది కాదు. రెండడుగులు జారి ఆగేది. మళ్లీ కదిలేసరికి చెట్టుకు గుద్దుకొని ఉండేది.

పక్క గల్లీలో మా తోడల్లుడు లింగం ఉన్నాడు కదా, బట్టల దుకాణం ఆయన. కొత్త కంప్యూటర్ కొన్నాడు. శ్రీనే పోయి అదే లినక్స్, అదే ఆట ఎక్కించి వచ్చాడు. అక్కడ పిట్ట బాణంలా పోతుందట. ఇక నీ మరదలు గిన్నెలు తోమడం, చెల్లెలింటికి పోవడం. సాయంత్రం దాకా రాదు. వచ్చాక కూడా లింగం అట్లా అన్నాడు, లింగం ఇట్లా నవ్వించాడు, ఇవే ముచ్చట్లు.

ఒకనాడు ఆయనే వచ్చి మా తెర చూశాడు.

"ఏందన్నా, నీ పిట్టకు సలి పెట్టిందా? గడ్డకట్టి కూసుంది!"

నీ మరదలు పొట్ట పట్టుకొని నవ్వింది. నాకు కడుపు మండింది అక్కా. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆమెను అంతగా నవ్వించింది లేదు.

శ్రీనును అడిగాను. "నాయినా, గీ మిషన్ల బొమ్మలు గీసే కార్డు లేదు. లెక్కలు జేసేదే బొమ్మలు గూడ గీయాలె. కొత్త కార్డు గిండ్ల పట్టది" అన్నాడు.

గనిలో నేను హాలేజి ఖలాసిని, బొగ్గు టబ్బులను తాడుతో పైకి గుంజే యంత్రం నాది. అది ఈడ్వలేకపోతే కొత్త యంత్రం ఎవరిస్తారు? రెండు టబ్బులు విప్పేవాళ్లం.

"గిది ఇంకేమేం గుంజుతుందో సూపియ్యి" అన్నాను.

లోపల నడిచే పనుల పట్టీ ఒకటి శ్రీను తెర మీద తీశాడు. ఇంట్లో ప్రింటరే లేదు, లోపల ప్రింటర్ పని నడుస్తోంది. విప్పు అన్నాను. దాంట్లోంచి ఎవరికీ ఉత్తరాలు పంపం, ఉత్తరాలు పంపే పని నడుస్తోంది. విప్పు. సోకుల తెర తీయించి సాదాది పెట్టించాను. ఆటలో నీడలు, దూరపు చెట్లు తీసేయించి, బొమ్మను సగానికి చిన్నది చేయించాను. పిట్ట ఆగకుండా గుట్ట దిగింది.

"నాయినా, నాకన్న నువ్వే హుషారున్నవ్" అన్నాడు శ్రీను.

నీ మరదలు రెండు రోజులు ఆడింది. మూడో రోజు మళ్లీ చెప్పులు వేసుకుంది.

"ఇప్పుడు మనింట్ల గూడ మంచిగనే జారుతుంది గద?"

"జారుతుంది. ఆడ నేను చెట్టుకు గుద్దితే చెల్లె ఒర్లుతది, లింగం ఎక్కిరిస్తడు. ఈడ నువ్వు గోడ లెక్క కూసుంటవ్. పిట్ట జారిందా పడ్డదా, నీకేమన్న ఉందా?"

పోయింది. నేను గోడనే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆమె గిన్నెలు తోముతుంటే నేనే ఆట తెరిచాను. నా పిట్ట మొదటి చెట్టుకే గుద్దింది. సిగ్గు విడిచి కేకేశాను. "ఓయ్, ఇగ సూడు, నా పిట్ట పాయె!"

తడిచేతులతోనే వచ్చింది. "గట్ల గాదు, జరుగు."

"నువ్వేదో పెద్ద జారినట్టు. మొన్న నువ్వు గుద్దలేదా?"

కొత్తవాణ్ణి చూసినట్టు నన్ను చూసింది అక్కా. తర్వాత నవ్వింది. ఆ రోజు చెల్లెలింటికి పోలేదు. నాలుగు రోజులైంది, ఇంకా పోలేదు.

కానీ నిన్న లింగమే వచ్చాడు, వదిన వస్తలేదేందని. మా చిన్న బొమ్మ ముందే కూర్చుని నోరు విప్పాడు. ఆమె మళ్లీ పొట్ట పట్టుకుంది. నాకు మళ్లీ మండింది.

వచ్చేవాళ్లు ఉంటే మామిడికాయ తొక్కు పంపు. బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. మా మీద నీ దీవెన ఉండాలి. మన ఊళ్లో నవ్వొచ్చే సంగతులు ఏమన్నా జరిగితే తప్పక రాయి. మధ్యాహ్నం పూట చెప్పడానికి నా దగ్గరివి అయిపోతున్నాయి. లింగానికి తెలియనివే రాయి.

నీ తమ్ముడు
రాజయ్య