దరఖాస్తులో భర్త గడి

బందరు,
మంగళవారం.

ప్రియమైన అత్తయ్యకి మహాలక్ష్మి రాసుకునేది.

ఫోను చేస్తే మీరు ఏడుస్తారు, నేను కోపంతో పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. దీన్ని లాస్య చేత చదివించకండి. పక్కింటి సునీత టీచరు చేత చదివించుకోండి. నా కూతురు వినాల్సిన మాటలు కావు ఇవి.

నాకు క్రెడిట్ కార్డు రాలేదు. రాకపోవడానికి కారణం మీరు.

నేను పనిచేసే రోల్డుగోల్డు షాపు వచ్చే నెలాఖరుకి మూసేస్తున్నారు. ఈలోపు కార్డు తీసుకుంటే దాని మీద రాళ్ళు, తీగ తెచ్చుకుని గదిలోనే కమ్మలు చేసుకోవచ్చని, లాస్యని మీ దగ్గర్నుంచి తెచ్చి ఇక్కడే చదివించుకోవచ్చని ఆశపడ్డాను. షాపు మూశాక జీతం కాగితం ఇచ్చేవాళ్ళుండరు. అది లేకపోతే కార్డూ ఉండదు. అంటే నాకున్నది ఈ ఒక్క అవకాశమే.

మొదటిసారి బ్యాంకు దరఖాస్తులో వివాహిత అని రాశాను. భర్త ఫోను నంబరు, ఆయన ఆదాయం కావాలన్నారు. ఏడేళ్ళ కిందట వేటకెళ్ళి బోటుతో సహా తిరిగిరాని మనిషికి ఏ నంబరు రాయను? ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు తీసుకోలేదు. రెండోసారి వితంతువు అన్న గడిలో టిక్కు పెట్టాను. పెట్టేముందు పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. కౌంటర్లో అమ్మాయి నా మొహం వంక చూసి, "బొట్టు పెట్టుకున్నారు, వితంతువు అంటారేంటండీ? డెత్ సర్టిఫికెట్ ఏదీ?" అంది. వెనక లైన్లో వాళ్ళంతా విన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. పోలీసు కంప్లయింటు నకలు, స్టాంపు పేపరు మీద ప్రమాణపత్రం, దాని మీద నోటరీ ముద్ర, ఇవన్నీ పట్టుకుని నాలుగుసార్లు తిరిగాను. తీరా అన్నీ ఇచ్చాక జిరాక్సులో ఫోటో నల్లగా పడిందని ఇంకోసారి తిప్పారు. చివరికి సరేనన్నారు. ఆధార్లో అడ్రసు నాగాయలంకదే కాబట్టి ఎంక్వయిరీకి అక్కడికి మనిషిని పంపారు.

మీరతనితో ఏమన్నారు? "మా అబ్బాయి వేటకెళ్ళాడండీ, వచ్చేస్తాడు" అన్నారు. తప్పుడు వివరాలిచ్చానని నా దరఖాస్తు కొట్టేశారు. డెత్ సర్టిఫికెట్ తెస్తే తప్ప ఆరు నెలల దాకా మళ్ళీ పెట్టడానికి లేదట.

ఆయన్ని కాగితం మీద చంపింది నేనే, ఆ పాపం నాదే. కానీ అత్తయ్యా, మీ ఆశ కోసం నేనూ లాస్యా ఇంకెన్నేళ్ళు విడివిడిగా బతకాలి? ఏడేళ్ళుగా జాడ లేదని తల్లిగా మీరు సాక్ష్యమిస్తే ఆయన పోయినట్టు కోర్టు కాగితం వస్తుందని వకీలు గారు చెప్పారు. ఇస్తారో లేదో తేల్చి చెప్పండి. ఇవ్వకపోతే నేనిక ఆ గడప తొక్కను.

మీ కోడలు,
మహాలక్ష్మి


నాగాయలంక,
శనివారం.

తల్లీ మహాలక్ష్మీ,

నేను చెప్తుంటే సునీత టీచరు రాస్తన్నారు. నా మాట నా మాటలాగే రాయమన్నాను.

వాడొస్తాడని నేనేనాడూ అనుకోలేదే. నాలుగోరోజున మిగతా బోట్లన్నీ వచ్చేసినప్పుడే నాకర్థమైంది. సముద్రం సంగతి నాకు తెలీదా?

మీ మావయ్య పోయినప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. పదోరోజున కాలవగట్టున కూచోబెట్టి, ముసలమ్మలు నలుగురు పట్టుకుని నా గాజులు రాయెట్టి పగలగొట్టారు. మణికట్టు తెగింది. అంతకుముందు పేరంటానికి పిలిచినోళ్ళే, తర్వాత నేనెదురైతే వెనక్కెళ్ళి కాసేపు కూచుని బయల్దేరేవోళ్ళు. నా కొడుకు శ్రీకృష్ణ పోయాడని నా నోటెంట ఒక్క మాటొస్తే చాలు, నీకూ అదే చేస్తారు. తల్లి ఒప్పుకోకుండా కర్మ చెయ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే ఏడేళ్ళూ పిచ్చిదాన్లా వస్తాడు వస్తాడు అంటన్నాను. ఆ బ్యాంకాయన అడిగేటప్పటికి అరుగు మీద పెద్ద ఆడోళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళు వినాలనే గట్టిగా చెప్పాను. దాంతో నీ కార్డు పోద్దని నాకు తెలీదమ్మా.

వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకి బందరొస్తాను. సంతకం రాదు, వేలిముద్ర ఏస్తాను. ఆ కాయితం నీ దగ్గరే ఉంచుకో, ఈ ఊరు తేవద్దు. నువ్వూ రావద్దు. లాస్యని కూడా తీసుకొస్తన్నాను. కార్డున్నా లేకపోయినా కలోగంజో తాగి దాన్ని నీ దగ్గరే ఉంచుకో. అది లేకపోతే నాకు పొద్దు గడవదు, అయినా తప్పదు. ఇక్కడుంటే మీ నాన్న పోయాడంటగా అని ఎవరో ఒకరు దాన్నడుగుతారు. దానికి అబద్ధం చెప్పడం రాదు.

నీ అత్త,
రత్నం