నాకు సుత చెప్పకక్కా

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు దండ వేసి, నీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నీ ఫోల్డర్ ఇంకా తెరుచుకోలేదు. మొన్న కంప్యూటర్‌ను నిజామాబాద్ తీసుకెళ్లి చూపించాను. "పాస్‌వర్డ్ లేకుంటే ఎవ్వనితోని కాదు తమ్మీ. మొత్తం సాఫ్ చేసి ఇయ్యాల్నా?" అన్నాడు షాపాయన. వద్దని బోధన్‌కు తిరిగి తెచ్చేశాను.

ఆ తాళం వేసింది నేనే కదా. ఆ ఫోల్డర్‌లో నువ్వు రాసుకున్న డైరీ దొంగతనంగా చదివి నవ్వాను, నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ సిగ్గుతోనే ఫోల్డర్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టి ఇచ్చాను. "పాస్‌వర్డ్ చెప్త, యాదికుంచుకో. రేపు నేను మర్చిపోతే ఎట్లరా?" అన్నావు. నేను చెవులు మూసుకున్నాను. "నాకు సుత చెప్పకక్కా."

మనల్ని కన్న అవ్వకు చదువు రాదు, నీ రాతలతో ఆమెకు పనిలేదు. తను బీడీలు చుడుతూ పాడిన పాటలు నువ్వు రికార్డు చేసి అందులోనే దాచావు. పాటల నడుమ నీ నవ్వు ఉంటుందట. అది కావాలి ఆమెకు.

ఇవాళ కూడా ఒళ్లో చాట పెట్టుకుని నా పక్కనే కూర్చుంది.

"దాని దోస్తు లావణ్య పేరు కొట్రా."

కొట్టాను.

"ఎడపల్లి అని కొట్టు, నా తల్లిగారూరు."

కొట్టాను.

"గట్లయితే నీ పేరు కొట్టు. నువ్వంటే దానికి పానం."

అదీ కొట్టాను. తెరుచుకోలేదు. అవ్వ ముఖం చిన్నబోయింది.

ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టొద్దని నీకు నేర్పింది నేనే. నువ్వు నా మాట విన్నావని ఆమెకు ఎట్లా చెప్పను?