నా పేరుతో వెతికితే

పుణె,
ఆదివారం

ప్రియమైన రూతక్కకు,

చెల్లెలు సునీత వందనాలు. నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయిన రిటైరయ్యాక కూడా బొగ్గుబాయి మొదటి షిఫ్టు సైరన్‌కే లేస్తున్నాడా? ఇక్కడ ముసురు వదలడం లేదు. మెస్సులో పప్పు తియ్యగా ఉంటుంది. అయినా తింటున్నాను, ఫికర్ పడకండి.

ఆఫీసులో నాకు చర్చి పాటల పుస్తకాన్ని ఫోనులోకి ఎక్కించే పని ఇచ్చారని చెప్పాను కదా. ఐదు భాషల పాటలు. కంప్యూటర్లో వరసగా ఉండే పాటల నంబర్లు ఫోనులో ఒకటి తర్వాత పది, వంద, ఆ తర్వాతే రెండు అని వచ్చేవి. తెలుగు మాట ఏదైనా వెతికితే కంప్యూటర్లో దొరికేది, ఫోనులో దొరికేది కాదు. నెల రోజులు తంటాలు పడి సరిచేశాను. ముందుగా మన సెంటినరీ కాలనీ చర్చికే పంపాను.

సారమ్మవ్వ తన పేరు కొట్టించి చూసి, "ఇందుల నా పాట దొరుకుతలేదు బిడ్డా, రూతును పిలువుండ్రి" అన్నదట. అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు కడుపు మండింది. మన చర్చిలో ఎవరూ మొదటి లైనుతో పాట అడగరు, ఎప్పుడూ పాడే మనిషి పేరుతోనే అడుగుతారు. చిన్నప్పుడు కూడా అందరూ నిన్నే పిలిచేవాళ్లు. నువ్వు చటుక్కున పేజీ తీసేదానివి, నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. నీ మీద నాకు ఇప్పటికీ అసూయే అక్కా, దాచడమెందుకు.

సిగ్గు విడిచి, పాటల పక్కన పాడేవాళ్ల పేర్లు రాసుకున్న నీ నోటుబుక్కు ఫొటోలు అడిగాను. నువ్వు దెప్పకుండా అన్ని పేజీలూ పంపావు, దానికి ఇంకా మండింది. ఏ పాట ఎవరిదో అంతా ఎక్కించాను. సారమ్మ అని కొడితే అవ్వ పాట వచ్చింది. నాయిన పేరుకు ఆయన డ్యూటీకి పోతూ పాడేది వచ్చింది. నీ పేరుకు మూడు వచ్చాయి.

తర్వాత నా పేరు కొట్టాను. ఫోనులో ఏమీ రాలేదు. పాత జబ్బు తిరగబెట్టిందేమో అని కంప్యూటర్లో కూడా చూశాను. ఈసారి రెండూ ఒకే మాట చెప్పాయి.

అమ్మానాయినల దీవెనలు నాకుండాలి. సారమ్మవ్వకు, కాకలకు వందనాలు చెప్పు. నీ మూడు పాటల్లో రెండోది మనిద్దరం కలిసి పాడిందే కదా అక్కా. దాని పక్కన నా పేరు కూడా రాసి ఫొటో పంపు.

నీ చెల్లెలు,
సునీత