బాకీ తీరినోళ్లకి బెల్లం

నాయనా,

ఈపొద్దు మదనపల్లె బ్యాంకులో నా క్రెడిట్ కార్డు బాకీ మొత్తం కట్టేసినా. సగం తీరినాక, వేలూరులో అమ్మ ఆపరేషన్‌కి మళ్లా అదే కార్డు గీకాల్సొచ్చింది. అమ్మ ఇప్పుడు గట్టిగా ఉండాది, నన్ను తిడతాండాది కూడా. స్కూటరు అమ్మేసినా, ఇంటికాడ పిల్లోళ్లకి లెక్కలు చెప్పినా, పట్టిన పట్టు వదల్లేదు. నీ కూతుర్ని గదా!

పుంగనూరులో మన అంగట్లో బాకీ తీర్చినోళ్ల చేతిలో నువ్వు బెల్లం ముక్క పెట్టి, "ఇంక తలెత్తుకోని తినప్పా" అంటాంటివి. ఈడ బ్యాంకాయన రసీదిచ్చి, "లిమిట్ పెంచేదా మేడం?" అన్నాడు.

"బెల్లముంటే ఇయ్యప్పా" అన్నా. ఆయప్పకి అర్థం కాలా.

నువ్వు పోయినాక మన అంగడి వేరేవాళ్లు నడపతాండారు. పుంగనూరులో బస్సు దిగి, ఆ అంగట్లోనే బెల్లం కొని, నా చేతిలో నేనే పెట్టుకున్నా.

తలెత్తుకోనే తిన్నా, నాయనా.