గేటు దగ్గర పిలిచిన పేరు

బొగ్గుబాయి కాగితాల్లో రాయమల్లు అనీ, మా అమ్మ సమ్మవ్వ పెట్టింది సదయ్య అనీ రెండు పేర్లున్న నేను, వయసు అరవై రెండు, గోదావరిఖని నివాసి, రిటైరైన బాయి కార్మికుణ్ణి, రాయించుకుంటున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు పాడయ్యాయని దవాఖానలో చెప్పారు గానీ బుద్ధి బాగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతం చేయగలిగింది నా భార్య పూలమ్మ ఒక్కతే, ఆమె ఇప్పుడు వంటింట్లో ఉంది.

రెండు పేర్ల సంగతి ముందే చెప్పాలి, లేకపోతే రేపు వారసులు ఆఫీసుల చుట్టూ తిరగాలి. నౌకరీ వచ్చింది అసలు రాయమల్లుకు. అతను ఒక్కరోజు బాయిలోకి దిగి, ఆ చీకటికి జడిసి, కాగితం నా చేతిలో పెట్టి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు లేడు. ఆ రోజుల్లో మారుపేరు మీద పనిచేసినవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. నౌకరీ పోతుందన్న భయంతో నా అసలు పేరు పూలమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1. నేను కట్టుకున్న రెండు గదుల రేకుల ఇల్లు పూలమ్మ ఉన్నంతకాలం ఆమెకు, తరువాత నా కొడుకు వీరేందర్‌కు చెందాలి. వీరేందర్ బసంత్‌నగర్‌లో సిమెంటు లారీ నడుపుతాడు. ఇల్లు అమ్మి సొంత లారీ కొంటానని ఒకసారి అన్నాడు. తల్లి ఉండగా ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

2. నా సైకిల్ ఎల్లేశానికి. బాయిలో నా పక్కన బొగ్గు నింపిన మనిషి. బ్రేకులు పడవని అతనికి తెలుసు, వాటిని పాడుచేసింది అతనే. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా అతనిదే.

3. మంథని అవతల దుబ్బగూడెం మా ఊరు. ఎద్దుల దగ్గర గొడవై అన్న నన్ను కొట్టాడని, ఆ గడప మళ్ళీ తొక్కనని ఒట్టేసుకుని వచ్చాను. పెళ్ళైన నాటినుంచి పూలమ్మ "అత్తను ఒక్కసారన్న సూసొద్దాం" అంటూనే ఉంది. సెలవు దొరకాలి అనేవాణ్ణి. సెలవులు దొరికాయి, నేనే వెళ్ళలేదు.

నిరుడు మనవరాలు హర్షిణి "తాతా, మనది అసలు ఏ ఊరు? బడిల రాసుకరమ్మన్నరు" అని అడిగింది. దాన్ని తీసుకుని పెత్రమాసకు, పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్యకు, దుబ్బగూడెం వెళ్ళాను. అన్న పోయాడు. అన్న కొడుకు రఘుపతి నన్ను వాకిట్లోనే ఆపి, ఏదైనా ఆధారం చూపించమన్నాడు. నా జేబులో ఉన్న ప్రతి కార్డు మీదా రాయమల్లే. "మా సదయ్య కాకకు మా బాపు ఎప్పుడో పిండం పెట్టిండు. నువ్వెవలవో ఏమో" అన్నాడు. అరుగు మీద పెద్దలకు తీసిపెట్టిన బియ్యంలో నా పేరు మీద ఇచ్చేవి కూడా ఉన్నాయి. వాటిని కళ్ళారా చూశాను.

వదిన లింగవ్వకు చూపు లేదు. గొంతు విని ఆమే గుర్తుపట్టింది, జరిగింది చెప్పింది. నేను ఖనిలో ఉన్నానని ఎవరో అంటే, మా అమ్మ నాకోసం గొంగడి పట్టుకుని వచ్చిందట, నేల కింద చలిగా ఉంటుందనుకుని. బాయి గేటు దగ్గర నిలబడి "నా కొడుకు సదయ్య ఈడ్నే పని చేస్తడట, జెర పిలువుండ్రి అయ్యా" అని వచ్చేపోయే వాళ్ళందరినీ అడిగిందట. ఆ పేరుగలవాడు ఎవడూ లేడన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ పేరు అక్కడ లేకుండా చేసింది నేనే. షిఫ్టు అయ్యాక అందరం మొహాల నిండా బొగ్గుతోనే బయటికొస్తాం. ఆరోజు నేను ఆమె పక్కనుంచే పోయానేమో తెలియదు. అమ్మ ఇంటికి చేరి "లేడట" అని ఒక్కమాట అని పడుకుందట. ఆ ఏడాదే పోయింది. అన్న ఆమెతో పాటు నాకూ పిండం పెట్టాడు. ఈ బాధ నాకు తగ్గలేదు, తగ్గుతుందనీ అనుకోను.

దుబ్బగూడెం భూమిలో నాకు రావలసిన వాటా రఘుపతికే వదిలేస్తున్నాను. పిండం తిన్నవాడు ఇచ్చిన భూమి పుచ్చుకుంటాడో లేదో అతని ఇష్టం. నేను తెచ్చుకున్నది అమ్మ పట్టుకొచ్చిన ఆ గొంగడి ఒక్కటే. వడ్ల బస్తాల మీద కప్పి ఉంది. "ఎలుకలు కొట్టిందాన్ని ఏం జేస్కుంటవ్" అన్నాడు. దులిపి భుజాన వేసుకున్నాను.

4. ఆ గొంగడి హర్షిణికి. పెట్టెలో దాచవద్దు తల్లీ, చలికి కప్పుకో. బడిలో ఎవరు అడిగినా మనది దుబ్బగూడెం అని రాయి.

5. వీరేందర్ సర్టిఫికెట్లలో తండ్రి పేరు రాయమల్లు. మార్పించాలని తిరగవద్దు, మనకు అన్నం పెట్టిన పేరు అది. పెత్రమాసకు ఆ అసలు రాయమల్లు పేరు మీద కూడా బియ్యం ఇవ్వాలి.

6. శ్మశానం తోవలో పాడె దింపి, ప్రాణం ఉంటే పలుకుతాడేమోనని చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. అక్కడ నన్ను సదయ్య అనే పిలవాలి. హర్షిణి పిలవాలి. ఆడపిల్ల అక్కడిదాకా రావద్దని ఎవరన్నా అంటే ఈ కాగితం చూపించండి. చెవిలో మెల్లగా వద్దు, గేటు దగ్గర మా అమ్మ పిలిచినట్టు అందరికీ వినబడేలా పిలవాలి. అప్పుడు ఎల్లేశం ముందుకొచ్చి "ఉన్నడవ్వా, ఈడ్నే ఉన్నడు" అని జవాబు చెప్పాలి.

ఇవి నా చివరి మాటలుగా ఒప్పుకుని, చదివించుకుని విని, సంతకం చేస్తున్నాను. నాకు వచ్చింది రాయమల్లు సంతకం. కింద ఉన్నది హర్షిణి పలక మీద రాయించి నేర్పింది, వంకరగా ఉంటే దిద్దవద్దు.

గోదావరిఖని, 2012 జనవరి 18

(సంతకం) సదయ్య

సాక్షులు:
బిక్షం, రిటైర్డ్ కార్మికుడు, సెంటినరీ కాలనీ
గోపాలరావు, బడి పంతులు, గోదావరిఖని