నువ్వు వండిన కిచిడీ

బిడ్డా సునీతా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ప్రతి ఆదివారం ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, హైదరాబాద్ బస్తీ పిల్లలకు చదువు చెప్పడానికి పోయేదానివి. అక్కడ నీకు అంత ఇష్టమైంది ఏముందో చూడాలనిపించి, నిన్న నీ పేరు మీద పులిహోర వండి అక్కడికే పట్టుకుపోయాను. నీ పేరున పెట్టేది ముందే రుచి చూడొద్దు కదా, ఉప్పు మరిచిన సంగతి నాకు తెలియలేదు.

ముద్ద నోట్లో పెట్టుకోగానే రెండు జడల పిల్ల మూతి తిప్పింది.

"అవ్వా, ఉప్పేది? సునీతక్క మస్తు వండుతుండె."

నేను నమ్మలేదు. ఇంట్లో పొయ్యి దగ్గరికే రాకపోయేదానివి కదా!

"ఏం వండేది?"

"కిచిడీ. ఆకలి మీద చదువెట్లొస్తదని ముందుగాల మా పొయ్యి మీదనే వండి పెడుతుండె. నేనే నేర్పిన అక్కకు!"

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఎవ్వలొస్తలేరు. ఐతారం నువ్వు రా అవ్వా, నీక్కూడ నేర్పుత."

ఆదివారం పోతాను బిడ్డా. బియ్యం, పప్పు తీసి పెట్టుకున్నాను. నీ చేతి వంట నేనెప్పుడూ తినలేదు. ఎట్లుంటుందో ఆ పిల్ల వండి చూపిస్తుంది.

మీ అమ్మ