పటంలో లేని లంక

అమలాపురం,
జులై 12, 2009.

నాన్నగారికి,

నిన్న సాయంత్రం ఆరు గంటలకి మా వరద పటం కంప్యూటర్లో మొదటిసారి తెరుచుకుంది. అందులో మన లంక లేదు. ఇంట్లో అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మస్కట్‌లో మీరూ కులాసా అని తలుస్తాను.

పటాలు చూపించే ప్రోగ్రాం, అదే మ్యాప్ లైబ్రరీ, ఎవరో రాసిపెట్టి ఉండగా మీకు ఇన్నాళ్లెందుకని మొన్న ఫోన్లో మీరు అడిగారు. మాకు సొంత సర్వర్ లేదు. వేరే సంస్థ తన సైట్లో ఒక పేజీ ఇచ్చింది. బయటివాళ్ల ప్రోగ్రాంని వాళ్లు బ్రౌజర్లో శాండ్‌బాక్స్ అనే గదిలో పెట్టి నడుపుతారు. ఆ గదిలో ఉన్న ప్రోగ్రాం బయటి నుంచి ఏదీ తెచ్చుకోకూడదు. పటాన్ని కదిపినప్పుడల్లా లైబ్రరీకి బయటి నుంచి బొమ్మ ముక్కలు కావాలి. అందుకే చాలారోజులు తెల్లతెరే చూశాం. చివరికి ఉపగ్రహం తీసిన బొమ్మల్ని ముందే గదిలో సర్దాం. ఆ గదికీ ఓ కొలత ఉంది. అన్ని లంకలూ పట్టలేదు.

మన పడవవాళ్లకి పటం అక్కర్లేదు. కానీ వరదలో కాట్రేనికోన నుంచి వేటపడవలు తెప్పిస్తారు. వాళ్లకి మన పాయలు తెలియవు. తహసీల్దారు ఆఫీసువాళ్లు పటం చూసి వాళ్లకి ఫోన్లో దారి చెప్పాలి.

"తమ్ముడి లంక వచ్చిందా?" అనీ అడిగారు. ఏవి వదలాలో తేల్చింది నేనే నాన్నగారూ. జనం ఎక్కువున్నవి ఉంచాను. మన లంకలో ఇప్పుడు పోలయ్య బాబాయి పాక ఒక్కటే. తీసేశాను. ఫోన్లో చెప్పలేకపోయాను.

పటంలో మన లంక ఉన్నచోట చుక్కయినా పెట్టమంది అమ్మ. పెట్టలేదు. ఏరు కోసేసిన కొబ్బరితోట మోళ్లు వరదలో నీటి కింద ఉంటాయి. చుక్కని నమ్మి వచ్చిన పడవ వాటికే తగులుతుంది.

ఈ ఉదయం వెళ్లి బాబాయికి చెప్పాను.

"ఏమ్మా, బాబాయిని తుడిచేసేవా?" అని నవ్వారు.

"ఆయ్, తుడిచేసేను. ఈసారి మీ కోసం పడవ రాదు బాబాయ్."

నవ్వు ఆగింది. "గేదెల్నొదిలేసి రమ్మంటావేంటి? పడవోళ్లు మనుషుల్నే ఎక్కించుకుంటారు."

"వరద రాకముందే గేదెల్ని కూడా ఎక్కించుకునే పంటు తెప్పిస్తానండీ. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు మోళ్లు కనపడతాయి కదా."

కడిగిన పాలచెంబునే మళ్లీ కడిగారు. "ముందు అవెక్కాలి. తర్వాతే నేను."

ఎగువన వానలు మొదలయ్యాయి. బుధవారం ఆఫీసువాళ్లకి పటం అప్పగిస్తాం. గురువారం ఉదయం ఏడింటికి పంటు లంక రేవుకి వస్తుంది. ముందు నాలుగు గేదెలు, దూడ. ఆ తర్వాత బాబాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి
యామిని